ఎవరి ఎడమ

పోయిన నెల శ్రీకాకుళంలో చనిపోయిన మా అక్క దయామణి కోసం ఆదరణ కూడిక జరిగింది. చర్చి పక్కనున్న హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, ముందు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఆమె ఫోటో పెట్టారు. పాటలు అయ్యాక, బైబిలు వాక్యం చదివాక, బంధువులు ఒక్కొక్కరే లేచి ఆమె గురించి నాలుగు మాటలు చెప్పడం మొదలుపెట్టారు. మా మేనత్త కొడుకు సామ్యేలు బావ లేచాడు. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన మనిషి, మైకు పట్టుకోవడం కొత్త కాదు. అక్క మంచితనం గురించి, ఓర్పు గురించి చెప్పి, గొంతు సవరించుకుని, "మా దయ ఎంత తెలివైందో మీకు తెలుసు. దిక్కుల లెక్కలు మాకందరికీ తనే నేర్పింది. నేర్పి, పరీక్ష రోజున తనే దారి తప్పిపోయింది" అన్నాడు. హాలంతా మెత్తగా నవ్వింది. ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన మనుషులు కాస్త నవ్వడానికి ఎదురుచూస్తూ ఉంటారు. ముందు వరసలో కూర్చున్న అక్క కూతురు శాంతి కూడా కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. దుఃఖంతో కాదు. ఈ కథని నేను చిన్నప్పటి నుంచీ పెళ్ళిళ్ళలో, క్రిస్మస్ భోజనాల్లో, పిల్లల పుట్టినరోజుల్లో వింటూనే ఉన్నాను. విన్న ప్రతిసారీ అలా జరగలేదని చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు అక్క ఫోటో ముందు కూడా అదే కథ.

ఆ రోజు ఏం జరిగిందో తెలిసిన వాళ్ళలో ఇంకా బతికున్నది మేమిద్దరమే, బావా నేనూ. అందుకని రాస్తున్నాను.

అప్పట్లో మేం గరివిడిలో ఉండేవాళ్ళం. నాన్న ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర షిఫ్టు పని చేసేవాడు. అమ్మ పొద్దున్నే కడిగిన అరుగు మీద మధ్యాహ్నానికి నల్లటి దుమ్ము పేరుకుని, వేలితో పేర్లు రాసుకునేలా ఉండేది. ఇంట్లో ఎప్పుడూ కిరసనాయిలు స్టవ్వు వాసన, ఎండు నెత్తళ్ళు వేయించిన వాసన, నాన్న ఖాకీ చొక్కాలోంచి కాలిన ఇనుము వాసన. శనివారం సాయంత్రమైతే వాటన్నిటి మీదా బూటు పాలిష్ వాసన. ఆదివారం ఆరాధనకి వేసుకునే నల్లబూట్లని నాన్న మెట్టు మీద కూర్చుని, పాత బనీను ముక్కతో మెల్లగా, శ్రద్ధగా రుద్దేవాడు. ఆ కాసేపూ ఆయన మెత్తబడి ఉండేవాడు. ఏదైనా అడగాలంటే మేం శనివారం దాకా ఆగేవాళ్ళం. ఇంట్లోనే ఉండి ప్రైవేటుగా డిగ్రీ చదువుతానని అక్క అడిగింది ఆ మెట్టు దగ్గరే, బ్యాంకు పరీక్ష రాస్తానని అడిగింది కూడా అక్కడే. రెండిటికీ ఆయన ఒప్పుకున్నాడు. కాని ఒప్పుకోవడానికీ వీధిలోకి పంపడానికీ చాలా తేడా ఉంది. అక్క డిగ్రీ పరీక్షలకి విజయనగరం వెళ్ళినప్పుడల్లా నాన్న సెలవు పెట్టి వెంట వెళ్ళి, బయట కూర్చుని, మళ్ళీ వెంటబెట్టుకుని తెచ్చేవాడు. చర్చికి అందరం కలిసి వెళ్ళేవాళ్ళం. కుళాయికి అమ్మతో వెళ్ళేది. ఇరవై ఏళ్ళు దాటిన మనిషి అప్పటిదాకా ఒక్క రోడ్డు కూడా ఒంటరిగా దాటలేదు. నాన్న చెడ్డవాడు కాదు. ఇలా రాయాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఇంకా కోపం వస్తుంది, ఎందుకంటే మా ఇంట్లో చెడ్డవాళ్ళెవరూ లేరు, అయినా అక్కకి జరగకూడనిదంతా జరిగింది.

ఆ బ్యాంకు పరీక్షలో రీజనింగ్ అని ఒక భాగం ఉండేది. అందులో దిక్కులు, దూరాల లెక్కలు అక్కకి ఎంతో ఇష్టం. ఒకడు ఇంటి నుంచి బయలుదేరి ఉత్తరానికి మూడు కిలోమీటర్లు నడుస్తాడు, కుడికి తిరిగి నాలుగు కిలోమీటర్లు నడుస్తాడు, ఇప్పుడు ఇంటికి ఎంత దూరంలో ఉన్నాడు, ఏ దిక్కున ఉన్నాడు అని అడుగుతారు. కాగితం ఎందుకు దండగని అక్క సాయంత్రం చేటలో బియ్యం ఏరుతూ, ఆ బియ్యాన్ని చదునుగా పరిచి వేలితో దారులు గీసేది. రాళ్ళు ఏరి పక్కన పడేస్తూనే, "అయిదు కిలోమీటర్లు, ఈశాన్యం" అనేది. చేట ఒకసారి కుదిపితే దారులన్నీ చెరిగిపోయేవి, మళ్ళీ కొత్త లెక్క. అమ్మ వంటింట్లోంచి, "ఆ బియ్యం ఇలాగియ్యే, ఎసరు మరిగిపోతంది" అని కేకేసేదాకా అలా సాగేది.

పక్క వీధిలో ఉండే సామ్యేలు బావ కూడా అదే పరీక్షకి దరఖాస్తు పెట్టాడు. విజయనగరంలో కోచింగుకి వెళ్ళేవాడు, ఆదివారాలు చర్చి అయ్యాక మా అరుగు మీదకి వచ్చేవాడు, తనతో ఒకరిద్దరు స్నేహితులని తెచ్చేవాడు. అక్క గుమ్మం లోపల కూర్చునేది, వాళ్ళు బయట కూర్చునేవారు. బావ మిగతా లెక్కలన్నీ చేసేవాడు గాని దిక్కుల దగ్గర ఎప్పుడూ ఒకటే తప్పు. మనిషి దక్షిణానికి నడుస్తూ ఎడమకి తిరిగాడంటే, ఇతను కాగితం మీద ఎడమవైపుకే గీత గీసేసేవాడు.

"ఎడమంటే ఎడమే గదా దయా" అనేవాడు.

"కాదు బావా. కుడీ ఎడమా నీవి కాదు, నడిసేవాడివి. ముందు వాడెటు సూస్తన్నాడో సూడాల. లెగు, దక్షిణం మొకంగా నిలబడు. ఇప్పుడు నీ ఎడం సెయ్యి ఎత్తు."

ఎత్తితే ఆ చెయ్యి తూర్పుకి ఉండేది.

"సూసావా. కాయితం మీద అది కుడిపక్క. నువ్వు పడమటికి గీసేసావు."

బావ నవ్వి, చెరిపేసి, మళ్ళీ గీసేవాడు. వారం తిరిగేసరికి మళ్ళీ అదే తప్పు. అక్కకి విసుగు రాలేదు. పరీక్ష దగ్గరపడే వేళకి అతన్ని అరుగు మీద అటూ ఇటూ తిప్పి తిప్పి ఆ లెక్క ఎలాగో ఎక్కించింది. లేచి నిలబడకుండానే మనసులో తిరగడం నేర్పింది.

నాకు అప్పుడు పద్నాలుగేళ్ళు. ఆ లెక్కల్లో నడిచేవాడి పేరు దాదాపు ప్రతిసారీ రామూ, లేకపోతే మోహనూ. ఆడపిల్ల నడిచిన లెక్క ఒక్కటైనా ఆ పుస్తకంలో చూసినట్టు నాకు గుర్తు లేదు. ఆ రామూ ఎప్పుడు పడితే అప్పుడు ఇంట్లోంచి బయలుదేరతాడు. ఎవరి అనుమతీ అడగడు. ఎక్కడికిరా, ఎవరితో వెళ్తున్నావు, ఎప్పుడొస్తావు అని అడిగే మనిషి ఒక్కరూ ఆ లెక్కలో ఉండరు. తోచినప్పుడు కుడికి తిరుగుతాడు, ఎడమకి తిరుగుతాడు, చివరికి ఎక్కడో నిలబడతాడు. ఇంటికి ఎంత దూరంలో ఉన్నాడన్నది మా అక్క లెక్కగట్టి చెప్పాలి. చేట ముందు కూర్చుని, గడప దాటకుండా. అప్పుడు నాకు అది నవ్వులాటగానే ఉండేది. "వాడికేటీ పని లేదా అప్పా, ఊరికే నడుస్తాడు" అనేదాన్ని. మా వైపు అక్కని అప్పా అనే పిలుస్తాం. అక్క బియ్యం ఏరుతూనే, "పని లేకపోయినా నడవనిస్తారే ఆడ్ని" అంది. ఆ మాట అన్నప్పుడు తను నవ్వలేదని ఇప్పుడు గుర్తుకొస్తుంది.

పరీక్ష విశాఖపట్నంలో. నాన్నకి ఆ రోజు సెలవు దొరకలేదు. మానిపించేస్తాడని అక్క రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. చివరికి మేనత్త వచ్చి, "మావోడు ఎల్తన్నాడు గదా తమ్ముడా, సెంటరు దాకా దింపుతాడు" అని భరోసా ఇచ్చింది. నాన్న బావని పిలిచి నిలబెట్టి అడిగాడు.

"గేటు దాకా దింపుతావా?"

"దింపుతాను మావా."

"సిన్నదాన్ని కూడా తీసుకెల్లండి. ఇద్దరాడపిల్లలుంటే దైర్యంగా ఉంటాది."

అలా నేను కూడా వెళ్ళాను. తెల్లవారుజామున ప్యాసింజరు ఎక్కాం. అమ్మ పులిహోర కట్టి ఇచ్చింది. అక్క చర్చికి కట్టుకునే లేత నీలం చీర కట్టుకుంది, జడకి నూనె ఎక్కువైందని నా కర్చీఫుతో తుడుచుకుంది. దారంతా కిటికీ దగ్గర కూర్చుని, రైలు మలుపు తిరిగినప్పుడల్లా ఎండ ఏ పక్క నుంచి పడుతోందో చూసి, ఇప్పుడు దక్షిణానికి వెళ్తున్నాం, ఇప్పుడు పడమటికి తిరిగాం అని నాకు చెబుతూనే ఉంది. అంత సంతోషంగా ఆమెని అంతకుముందు చూడలేదు. తర్వాత కూడా చూసినట్టు లేదు.

రైలు ఆలస్యమైంది. స్టేషను బయటికి వచ్చేసరికి బావ స్నేహితులు అతన్ని తొందరపెడుతున్నారు. వాళ్ళ సెంటరు ఊరికి ఆ చివర, అక్కకి పడింది స్టేషనుకి దగ్గర్లోని ఒక స్కూలు. బావ వాళ్ళ సెంటరు వైపు వెళ్ళే సిటీ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. మాకంటే ముందు నడుస్తున్న బావ ఆగి, వెనక్కి తిరిగి, మాకు ఎదురుగా, స్టేషను వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. ఒక చేతిలో రాసుకునే అట్ట, ఇంకో చేతిలో సంచీ.

"దయా, మాకు టైము లేదు. మీది దగ్గరే. ఇలా ఎడమకి తిరిగి పెద్ద రోడ్డు దాకా తిన్నగా ఎల్లిపోండి, అక్కడే స్కూలు."

"గేటు దాకా దింపుతానని నాన్నకి సెప్పావు గదా బావా."

"దగ్గరేనే. కల్లు మూసుకుని ఎల్లిపోవచ్చు."

"ఎవరి ఎడమ బావా? నీదా, నాదా?"

అతను అప్పటికే బస్సు వైపు పరిగెడుతున్నాడు. "ఎడమంటే ఎడమేనే" అని అరిచాడు. అతని స్నేహితుడొకడు బస్సు మెట్టు మీంచి నవ్వాడు. బస్సు వెళ్ళిపోయింది.

అక్క ఒక్క క్షణం నిలబడింది. అరుగు మీద అన్ని ఆదివారాలు తను నేర్పింది కదా, నడిచేవాడి ఎడమే ఎడమని. నడిచేది మేము. అతను నేర్చుకున్నాడనే ఆమె నమ్మింది. మా ఎడమకి తిరిగాం. పెద్ద రోడ్డు వచ్చింది, స్కూలు రాలేదు. ఇంకా నడిచాం. అక్కడ టీ బడ్డీ దగ్గర నిలబడ్డ వాళ్ళని అక్క అడిగింది. ఒకడు దారి చెప్పడానికి నోరు తెరిచాడు, పక్కవాడు, "మేం దింపుతాం రండి" అన్నాడు, అందరూ నవ్వారు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని అక్కణ్ణించి తీసుకుపోయింది. ఆ తర్వాత మగవాళ్ళెవరినీ అడగలేదు. చాలా దూరం పోయాక, బుట్టలో జామకాయలు పెట్టుకుని కూర్చున్న ఒక ముసలామె మమ్మల్ని చూసి, "ఏటమ్మా, ఏటలాగున్నారు" అని తనే పలకరించింది. స్కూలు పేరు చెప్పగానే తల పట్టుకుంది. మేం స్టేషను నుంచి పూర్తిగా అవతలివైపుకి వచ్చేశాం. ఆ స్కూలు మా కుడివైపు. బావకి ఎడమ.

వెనక్కి పరిగెత్తాం. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని అక్క అంత ఎండలో పరిగెత్తడం నాకిప్పటికీ కళ్ళకి కనపడుతుంది. మేం వెళ్ళేసరికి గేటు మూసేశారు. అక్క హాల్ టికెట్టు కమ్మీల మధ్య నుంచి లోపలికి చాపి, "బాబూ, ఇప్పుడే గదా మూసారు" అంది. వాచ్‌మన్ లోపలికి వెళ్ళి ఒకాయన్ని తీసుకొచ్చాడు. ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. "ఇంటి దగ్గర ముందుగా బయల్దేరాలమ్మా" అని చెప్పి వెనక్కి వెళ్ళిపోయాడు. అక్క గేటు దగ్గరే నిలబడింది. కూర్చుందామంటే కూర్చోలేదు. పరీక్ష అయ్యి, లోపలివాళ్ళు ప్రశ్నల గురించి మాట్లాడుకుంటూ బయటికి వచ్చేదాకా అలాగే నిలబడింది. ఆ పులిహోర సంచీలోనే పులిసిపోయింది.

సాయంత్రం స్టేషన్లో బావ కలిశాడు. మమ్మల్ని చూడగానే, "దిక్కుల లెక్కలన్నీ కొట్టేశానే. నువ్వు సెప్పినట్టే, వాడెటు సూస్తన్నాడో సూసి గీసాను" అన్నాడు. తర్వాత అక్క ముఖం చూశాడు. ఏం జరిగిందో నేను ఏడుస్తూ చెప్పాను. "నేను సరిగ్గానే సెప్పాను గదా" అన్నాడు. దారిలో ఇంకోసారి అన్నాడు. గరివిడిలో దిగేసరికి అతనికి పూర్తి నమ్మకం కుదిరింది. మా ఇంటి అరుగు ఎక్కి నాన్నతో అతను చెప్పిన మొదటి మాట, "దయ దారి తప్పింది మావా."

అక్క, "ఎడమన్నాడు నాన్నా" అంది. నేను, "తను మాకెదురుగా నిలబడి సెప్పాడు నాన్నా, ఎవరి ఎడమని అప్ప అడిగింది కూడా" అన్నాను. మేనత్త బుగ్గన చెయ్యి పెట్టుకుని, "ఓలమ్మ, ఊరందరికీ దిక్కుల్నేర్పేదానివి, నీకు స్కూలు దొరకలేదేటే" అంది. అక్కడున్న అందరూ నవ్వారు. ఆ నవ్వే మొదటిది. నాన్న నవ్వలేదు. గేటు దాకా దింపుతానన్న మాట ఏమైందని బావని అడుగుతాడని నేను చూశాను. అడగలేదు. అక్క వైపు తిరిగి, "ఇంక సాలమ్మా" అన్నాడు. అంతే. బ్యాంకు ఉద్యోగం బావకి వచ్చింది. స్వీటు పొట్లాం పట్టుకుని మా ఇంటికే ముందు వచ్చాడు, "నీ సలవేనే" అన్నాడు. అక్క ఒకటి తీసుకుని నోట్లో వేసుకుంది. మరుసటి ఏడాది ఆమెకి శ్రీకాకుళంలో ఒక బడిపంతులుతో పెళ్ళి చేసేశారు.

నేను తర్వాత రైల్వే పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నాను. అక్కకి జరిగిందే నాకూ జరగకూడదని అమ్మ పట్టుబట్టి, నాన్నతో పోట్లాడి, తనే నా వెంట వచ్చి గేటు దగ్గర కూర్చుంది. అమ్మ ఆ ధైర్యం కొన్నేళ్ళ ముందు తెచ్చుకుని ఉంటే అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో.

అక్క మాత్రం ఆ లెక్కలు వదల్లేదు. శ్రీకాకుళంలో ఇంటి ముందుగదిలో ఆడపిల్లలకి ట్యూషన్ మొదలుపెట్టింది. ఎచ్చెర్ల యూనివర్సిటీ పిల్లలు, చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు బస్సులు దిగి వచ్చేవాళ్ళు. బ్యాంకు, రైల్వే, పోలీసు, గ్రూప్స్, ఏ పరీక్షయినా సరే. ఒక నియమం పెట్టుకుంది. పరీక్షకి ముందు ఆ పిల్లల్ని వెంటబెట్టుకుని సెంటరు ఉన్న ఊరు వెళ్ళేది. స్టేషన్లోనో బస్సుల కాంప్లెక్సులోనో దిగి, వాళ్ళనే ముందు నడవమని, తను వెనక నడిచేది. తప్పు మలుపు తిరిగినా ఊరుకునేది, వాళ్ళే తెలుసుకుని వెనక్కి వచ్చేదాకా. గేటు ముట్టుకుని తిరిగి రావాలి. మోకాళ్ళు నొప్పులు వచ్చాక కూడా మానలేదు. ఎందుకలా అని పిల్లలు అడిగితే, "ఊరు సూసినట్టుంటాదని" అనేది.

బావ ఆ కథ చెప్పిన ప్రతిసారీ ఆమె నవ్వేది. ఒకసారి నేను తట్టుకోలేక వంటింట్లో అడిగాను. "ఏల నవ్వుతావప్పా? నీకు కోపం రాదేటి?"

"వస్తాది. రాకేటి" అంది కూర కలుపుతూ. "ఆడి ఎడమా నా ఎడమా అని ఇప్పుడు పంచాయితీ పెడితే ఆ గేటు తెరుస్తారేటే? నువ్వొక్కదానివీ మర్సిపోకు. సాలు."

ఇప్పుడు కాలం మారిందంటారు. ఫోనే దారి చెబుతుంది. ఎడమకి తిరగమంటే అది మన ఎడమే, నీలం చుక్క మనతో పాటే తిరుగుతుంది. నిజమే, అక్క చేతిలో ఆ రోజు అలాంటిదొకటి ఉంటే బాగుండేది. కాని అక్క దగ్గర చదివే పిల్లల్ని నేను చూస్తూనే ఉన్నాను. అదే ఫోన్లో వాళ్ళ నాన్న, వాళ్ళ అన్న కూడా ఆ చుక్కని చూస్తూ కూర్చుంటారు. చుక్క కాసేపు ఆగితే ఫోను మోగుతుంది, ఎందుకాగావని. ఇంకో పిల్ల చెప్పింది, కోచింగ్ సెంటర్లో సారు దిక్కుల లెక్కలు వచ్చినప్పుడల్లా, "అమ్మాయిలు ఇవి వదిలేసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోండి" అంటాడట, క్లాసంతా నవ్వుతుందట. ఆడవాళ్ళకి దిక్కులు తెలియవని మా బావ ఒక్కడే కాదు, ఎవరికి వారు ఒక కథ దాచుకున్నారు. ఆ కథ చెప్పేవాళ్ళలో ఒక్కడు కూడా, ఆమెని ఎప్పుడైనా నడవనిచ్చామా అని అడగడు.

ఆదరణ కూడికలో నేను లేచి నిలబడ్డాను. పిలవకుండానే వెళ్ళి బావ చేతిలోంచి మైకు తీసుకున్నాను. "మా అప్ప దారి తప్పలేదు" అన్నాను. పైన రాసిందంతా చెప్పాను, ఇంత వరసగా కాదు, మధ్యలో ఆగుతూ. గేటు దాకా దింపుతానని మాట ఇచ్చింది చెప్పాను. ఎవరి ఎడమ అని ఆమె అడిగింది చెప్పాను. ఎవరూ నవ్వలేదు. శాంతి నా వైపే చూస్తోంది. ఆమెకి ఇవేవీ తెలియవు, వాళ్ళమ్మ ఎప్పుడూ చెప్పలేదు. పాస్టరుగారు నా దగ్గరికి వచ్చి మెల్లగా, "పోయిన విషయాలమ్మా, క్షమించేద్దాం. ఆవిడ ఎప్పుడో క్షమించేసి ఉంటారు" అన్నారు.

"ఆవిడ్ని ఎవరైనా అడిగారాండి, క్షమాపణ?" అన్నాను. ఆయన అటు తిరిగి పాట ఎత్తుకున్నారు.

భోజనాల దగ్గర బావ నా పక్కకి రాలేదు. వారం పోయాక ఫోన్ చేశాడు. నేను అప్పుడు శ్రీకాకుళం బస్సుల కాంప్లెక్సులో ఉన్నాను. అక్క దగ్గర చదివిన పిల్లలకి ఆ వారంలోనే పరీక్ష. విశాఖపట్నం ఊరి బయటెక్కడో సెంటరు. వాళ్ళని తీసుకెళ్ళే మనిషి లేక, శాంతీ నేనూ బయలుదేరాం.

"రూతూ, నేను నిజంగా మీకెదురుగా నిలబడి సెప్పానేటి?" అన్నాడు. గొంతు ముసలిగా ఉంది.

"నిలబడ్డావు బావా."

"నాకు గుర్తు లేదే. ఒట్టు, గుర్తు లేదు."

"తెలుసు. నా కోపమంతా దానికే. అప్పకి సచ్చిపోయేదాకా గుర్తుంది."

బావ, "ఇప్పుడేటి సెయ్యమంటావు" అన్నాడు.

"ఆ కథ ఇంక సెప్పకు. సెప్పకపోతే సాలదు. ఇంకెవరైనా సెప్తే, అలగ కాదు, తప్పు నాదని అక్కడే సెప్పు. నీ పిల్లల ముందర కూడా."

"సూద్దాంలే" అన్నాడు.

నలభై ఏళ్ళ పైన అయింది, ఇంకా చూద్దాంలే. నేను ఫోను పెట్టేశాను. శాంతి బస్సు మెట్టు మీంచి చెయ్యి ఊపుతోంది. పిల్లలు ఎక్కి కూర్చున్నారు, కిటికీ పక్క సీటు కోసం ఇద్దరు అప్పుడే పోట్లాడుకుంటున్నారు. వెళ్ళి వాళ్ళ వెనక సీట్లో కూర్చున్నాను. కోపం తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా నాకు లేదు.